గోడ పక్కన నిలబడిన యోనా

కొత్త కుక్క వచ్చిన రోజు పోశన్న మొదట చేసే పని ఊరికే కూర్చోవడం. గేటు మూసి, మెడ తాడు విప్పేసి, ఖాళీ ముంగిట్లో ఇసుక మీద దానికి వీపు పెట్టి కూర్చునేవాడు. పిలిచేవాడు కాదు, చేయి చాపేవాడు కాదు, తల తిప్పి చూసేవాడు కూడా కాదు. కుక్క తన పని తాను చేసుకునేది. గోడ పొడుగునా వాసన చూసేది, నీళ్ళ తొట్టి దగ్గర ఆగేది, రేగుచెట్టు మొదట్లో కాలెత్తేది. చివరికి ఎప్పుడో అతని మెడ మీద తడి ఊపిరి తగిలేది. ఆ ఊపిరి ఎంతసేపటికి తగిలింది, తగిలాక అక్కడే నిలిచిందా, వెనక్కి పోయిందా అన్నదాన్ని బట్టి పోశన్నకు దాని గుణం సగం తెలిసిపోయేది.

ఆ చోటు దోహాలో అల్ తుమామా వైపు, ఒక పాత విల్లాలో నడిచే కుక్కల డేకేరు. పొద్దున ఆఫీసులకు పోయేవాళ్ళు తమ కుక్కలను అక్కడ దింపి, సాయంత్రం ఇంటికి తీసుకుపోయేవారు. నడిపే మనిషి పేరు బిల్కిస్. తాతలది హైదరాబాదు, పుట్టి పెరిగింది ఖతర్‌లోనే. తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడేది హిందీ, ఉర్దూలే. కరోనా నెలల్లో ఇళ్ళలో చిక్కుపడ్డ జనం తోడు కోసం కుక్కపిల్లలను తెచ్చుకున్నారు. ఇప్పుడేమో ప్రపంచ కప్పు దగ్గర పడుతోంది. రోడ్లు, హోటళ్ళు, మెట్రో స్టేషన్ల చుట్టూ తోటలు, ఎక్కడ చూసినా పని. ఎవరిని కదిపినా పన్నెండు గంటల డ్యూటీ. ఎదిగిన కుక్కపిల్లలు ఇళ్ళలో ఒంటరిగా మిగిలాయి. అందుకే పొద్దున ఆరింటికే బిల్కిస్ గేటు ముందు కార్లు వరుస కట్టేవి.

వచ్చినదాన్నల్లా చేర్చుకోవడానికి కుదరదు. ఇరవై, పాతిక కుక్కలు కలిసి తిరిగే ముంగిలి అది. కొత్తది మనుషులతో ఎలా ఉంటుంది, తోటి కుక్కలతో ఎలా ఉంటుంది, తింటున్నప్పుడు గిన్నె దగ్గరికి ఎవరైనా వస్తే ఊరుకుంటుందా, పెద్ద చప్పుడైతే ఏం చేస్తుంది, ఇవన్నీ చూశాకే లోపలికి. బిల్కిస్ దగ్గర దీనికో ఇంగ్లీషు కాగితం ఉండేది. ఆ అక్షరాలు పోశన్నకు రావు. అతను చూసి చెప్పేవాడు, ఆమె గళ్ళు నింపేది.

"దుబాయ్‌ల కుక్కలకు సుత బడి ఉంటదా?" అని ఊళ్ళో ఉన్న అతని భార్య గంగామణి ఫోన్లో అడిగింది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"బడి ఉంటది, బడికి ముందు పరీక్ష సుత ఉంటది. పెట్టేది నేనే" అన్నాడు పోశన్న.

బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని ఆమె చాలాసేపు నవ్వింది. మూడో తరగతిలోనే పలక పారేసిన మనిషి పరీక్షలు పెట్టడం ఆమెకు భలేగా తోచింది.

పోశన్నది మెట్‌పల్లి దగ్గరి ఊరు, గొర్రెలు కాసే ఇల్లు. తండ్రి మందకు కుక్కను ఎంచుకునేటప్పుడు ఒక ఈతలో పుట్టిన పిల్లలన్నిటినీ గొర్రెల మధ్య వదిలేసి, తాను గుట్ట మీదికి పోయి పొద్దుగూకేదాకా కూర్చునేవాడు. మనం పక్కన ఉంటే అది మనకోసం వేషం వేస్తుంది, మనం లేనప్పుడు దాన్ని చూడాలి అనేవాడు. ఆ చూపు పోశన్నకు అబ్బింది. తరవాత ఒక వానాకాలం రోగం తగిలి మంద మందంతా పోయింది. 2013లో అతను ఖతర్ విమానం ఎక్కాడు. ఎనిమిదేళ్ళు ఇనుప కడ్డీలు మోశాడు, వంచాడు, కట్టాడు. బిర్కత్ అల్ అవామిర్‌లో క్యాంపు. గదికి పదిమంది, ఒకరి మీద ఒకరుగా మంచాలు. భుజం పట్టేశాక కంపెనీ అతన్ని తేలిక డ్యూటీ అని విల్లాలు ఊడ్చే పనికి పంపింది. అలా బిల్కిస్ దగ్గరికి వచ్చిన మొదటి వారంలోనే, కారు కింద దూరి ఎవరు లాగినా బయటికి రాని ఒక కుక్క, పక్కన వీపు తిప్పి కూర్చున్న పోశన్న దగ్గరికి అరగంటలో తనంతట తానే వచ్చింది. మరునాడు బిల్కిస్ కంపెనీకి ఫోన్ చేసి, రోజూ ఈ మనిషినే పంపమని అడిగింది.

యోనా వచ్చింది 2022 జనవరిలో. ఆ పొద్దున దోహాను పొగమంచు కమ్మింది. ఎడారిలో మంచేమిటనుకుంటారు గాని, చలికాలంలో అది సముద్రం మీంచి లేచి వచ్చి ఊరిని ఊరే మాయం చేస్తుంది. క్యాంపు బస్సు లైట్లు వేసుకుని చీమలా పాకింది. విల్లా ప్రహరీ కనబడలేదు. రేగుచెట్టు పైసగం లేదు. దూరాన తెల్ల టోపీలా ఉండే స్టేడియం పూర్తిగా కరిగిపోయింది. ఆ తెలుపులోంచి ముందు ఒక గొలుసు చప్పుడు వచ్చింది, తరవాత ఒక గోధుమరంగు కుక్క, దాని వెనక ఒక మనిషి. కలలోకి వచ్చినట్టు వచ్చారు ఇద్దరూ.

ఆ మనిషి రత్నకుమార్. నరసాపురం వాడు, యాభై ఏళ్ళుంటాయి. రోడ్డు పనుల కంపెనీలో డ్రాయింగులు చూసే ఉద్యోగం. భార్య దయమ్మ ఆసుపత్రిలో నర్సు. పిల్లలు లేరు, అల్ హిలాల్‌లో చిన్న ఫ్లాటు. రెండేళ్ళ కిందట సైటులో ఒక వాననీటి పైపు లోపలి నుంచి మూడు రోజులపాటు సన్నగా ఏడుపు వినిపించింది. పైపు అవతలి కొసను మూసేసే రోజు దగ్గర పడింది. మూడో రోజు రత్నకుమార్ తానే చొక్కా విప్పి లోపలికి పాకి, గుప్పెడంత కూనను బయటికి తెచ్చాడు. చేప కడుపులో మూడు రోజులు గడిపిన ప్రవక్త పేరు పెట్టాడు. కుక్కకు ప్రవక్త పేరేమిటని దయమ్మ మొదట నొచ్చుకుంది గాని, వారం తిరిగేసరికి ఆ పేరుతోనే పిలిచి పెరుగన్నం పెట్టసాగింది.

ఇప్పుడు ఇద్దరికీ పొద్దస్తమానం డ్యూటీలే. తలుపు మూసింది మొదలు యోనా ఊళ పెడుతోందని పైవాళ్ళూ కిందివాళ్ళూ ఇంటి యజమానికి చెప్పారు. నెల లోపల కుక్కయినా పోవాలి, వీళ్ళయినా పోవాలి. ఇంకో రెండు చోట్ల అడిగితే వీధికుక్క జాతని చేర్చుకోలేదు.

"మేం ఇంట్లో ఉన్నంతసేపూ వీడు ఉన్నాడో లేడో కూడా తెలీదండి. చీమక్కూడా హాని చెయ్యడు" అన్నాడు రత్నకుమార్ గేటు దగ్గరే నిలబడి. లోపలి మనిషి తెలుగువాడని తెలిసి అతని ముఖం విప్పారింది.

పోశన్న తల ఊపి, గొలుసు అందుకుని విప్పేసి, ఇసుక మీద కూర్చున్నాడు.

యోనా ఊపిరి మెడకు తగలడానికి ముప్పావుగంట పట్టింది. తగిలి, నిలిచింది. అక్కణ్ణించి అన్నీ సవ్యంగానే జరిగాయి. చెవులు, పంజాలు, పళ్ళు పట్టి చూసినా ఊరుకుంది. తింటున్న గిన్నె పక్కన చేయి పెడితే ఒక అడుగు వెనక్కి వేసి, గిన్నెను అతనికే వదిలేసింది. ఇనుప పళ్ళెం నేలకేసి కొడితే ఉలిక్కిపడి వెంటనే తేరుకుంది. తరవాత బేగంను వదిలారు. బేగం బిల్కిస్ సొంత కుక్క. పదేళ్ళ ముసలిది, సన్నటి నడుమూ పట్టుకుచ్చుల్లాంటి చెవులూ ఉన్న ఎడారి వేటకుక్క. కొత్తవాటిని ముందు దానికే చూపించేవారు. అది యోనా చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, మంచులో తన దారిన పోయి పడుకుంది. యోనా వెళ్ళి, దానికి రెండు గజాల దూరంలో తానూ పడుకుంది.

చివరిది మంద. ఏడు కుక్కలను ఒక్కసారిగా ముంగిట్లోకి వదిలారు. అవి యోనా చుట్టూ మూగాయి. ఒకటి మీద కాలు వేసింది, ఒకటి మూతి నాకింది, ఒకటి మొరిగి ఆటకు పిలిచింది. యోనా గుర్రుమనలేదు, పళ్ళు చూపలేదు, పారిపోలేదు. మెల్లగా జరిగి జరిగి గోడకు ఒళ్ళు ఆనించి నిలబడింది. అలా నిలబడే ఉంది.

బిల్కిస్ సంతోషపడింది. ఈ ఏడాదిలో ఇంత నెమ్మదైన కుక్కను చూడలేదని హిందీలో అంటూ గళ్ళన్నిటిలోనూ టిక్కులు పెట్టేసింది. రత్నకుమార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

పోశన్న మాత్రం గోడవైపే చూస్తున్నాడు. యోనా నోరు గట్టిగా మూసుకుని ఉంది. నిద్ర రాకపోయినా ఉండి ఉండి ఆవలించి, మళ్ళీ బిగిస్తోంది. తల కదపకుండా కళ్ళు మాత్రం పక్కకు తిప్పుతోంది, తెల్లగుడ్డు అంచు నెలవంకలా సన్నగా కనబడుతోంది. ఒళ్ళు అక్కడ ఉంది. యోనా అక్కడ లేదు.

"దీన్ని మందల కలపొద్దు మేడం" అన్నాడు.

బిల్కిస్ కలం ఆపింది. అది ఏం తప్పు చేసిందని అడిగింది.

"తప్పేం చెయ్యలే. గందుకే చెప్తున్న. ఇయ్యాల నిలబడ్డది, రేపు నిలబడ్తది. పదోనాడు కరుస్తది. గప్పుడు అందరం దాన్నే అంటం."

రత్నకుమార్ ముఖంలో ఇందాకటి సంబరం ఆరిపోయింది. అతను గొంతు పెంచలేదు, కానీ మాట కటువుగానే వచ్చింది.

"ఊడ్చుకునేవాడివి. నువ్వేంటయ్యా వాడి గుణం చెప్పేది?"

బిల్కిస్ ఇద్దరి ముఖాలూ చూసింది. కాగితంలో ఒక్క గడి కూడా తప్పలేదు, ఎదురుగా ఒక మనిషి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. వారం రోజులు చూద్దామని, పోశన్నను కాస్త కనిపెట్టి ఉండమని చెప్పి ఆమె సంతకం చేయించుకుంది.

ఆ సాయంత్రం క్యాంపు బస్సులో పోశన్న కిటికీకి తల ఆనించాడు. మంచు విడిచిపోయి, గాలిలో సిమెంటు దుమ్ము బంగారు రంగులో నిలిచి ఉంది. క్రేన్లు మెడలు చాచిన కొంగల్లా మెల్లగా తిరుగుతున్నాయి. అరమోడ్పు కళ్ళలోకి అతనికి ఎప్పుడూ వచ్చే కలే వచ్చింది. గొర్రెల మంద పాలలా తెల్లగా పారుతోంది. రోడ్ల మీద, క్యాంపు వరండాల్లో, మంచాల కింద, ఎక్కడ చూసినా మంద. తను గోడకు ఆని నిలబడ్డాడు. మెత్తటి ఒళ్ళు అతన్ని రాసుకుంటూ పోతున్నాయి, ఒక్కటీ అతన్ని నొప్పించడం లేదు, కానీ ఎటు జరగడానికీ చోటు లేదు. బ్రేకు పడి కళ్ళు తెరిస్తే ఎదురుగా క్యాంపు గేటు.

గదిలో అందరూ అతన్ని మంచోడు అనేవారు. ఎవరు ఏ మంచం అడిగినా ఇచ్చేవాడు, ఎవరి పాటనూ ఆపమనేవాడు కాదు. మొదటి ఏడాది కూడా అలాగే అన్నారు, ఒక రోజు వరకు. ఆ రోజు సంగతి గది బయట ఎవరికీ అతను చెప్పుకోలేదు.

మూడు రోజులు యోనా గోడ పక్కనే నిలబడింది. పొద్దున దింపింది మొదలు సాయంత్రం వరకు ఒక్కసారి కూడా పడుకోలేదు. నీళ్ళకు కూడా మిగతావన్నీ నిద్రపోయే మధ్యాహ్నం దాకా ఆగేది. పోశన్న ఊడ్చే పని, కడిగే పని గబగబా ముగించుకుని వచ్చి దాని పక్కన కూర్చునేవాడు. గోడ నీడ జానెడు, మూరెడు, బారెడు అయ్యేది. యోనా ఆ నీడతోపాటు ఒక్కో అడుగు జరిగేది తప్ప, కూర్చునేది కాదు. సాయంత్రం రత్నకుమార్ వచ్చి, ఏమీ కాలేదు చూశావా అన్నట్టు అతనివైపు ఒక చూపు చూసి కారెక్కేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఎండ పలచగా, పసుపుగా ఉంది. ముంగిలంతా నిద్రలో ఉంది. యోనా మెల్లగా తొట్టి దగ్గరికి పోయింది. అప్పుడే ఒక పడుచు లాబ్రడార్ కుక్క లేచి, ఆటకనుకుని, దాన్ని తొట్టికీ గోడకూ మధ్య మూలలో అడ్డగించింది. దాని వెనక ఇంకొకటి చేరింది. పోశన్నకు అదంతా నీళ్ళ అడుగున జరుగుతున్నట్టు నెమ్మదిగా కనబడింది. యోనా పెదవి ముడత పడింది. మెడ మీది వెంట్రుకలు లేచాయి. లాబ్రడార్ మెత్తటి చెవి ఆ పళ్ళకు జానెడు దూరంలో ఊగుతోంది. అతను ఆ జానెడు సందులో చేయి పెట్టాడు. పళ్ళు అతని ముంజేతిలో దిగాయి.

యోనా వెంటనే వదిలేసింది. వదిలి, మూలకు నక్కి, ఒళ్ళంతా వణుకుతూ నిలబడ్డచోటే తడిపేసుకుంది. పోశన్న మిగతావాటిని అవతలికి తోలి, చొక్కా కొసతో చేయి చుట్టుకుని, నెత్తురు ఇసుకలో చుక్కలుగా పడుతుండగానే దానికి వీపు తిప్పి కూర్చున్నాడు.

బిల్కిస్ పరుగెత్తుకొచ్చింది. రాయక తప్పదని ఆమెకు తెలుసు. కరిచే కుక్క అని ఒక్కసారి రాస్తే మరే డేకేరూ దాన్ని గేటు దాటనివ్వదని కూడా తెలుసు. పోశన్న దాచమని అడగలేదు.

"కరిసే కుక్క అని రాయకుండ్రి. కరిసింది అని రాయుండ్రి" అన్నాడు. "మూడు దినాలు నోరు లేకుండ చెప్పింది, మనం ఇనలే. గది సుత రాయుండ్రి."

బిల్కిస్ మెట్టు మీద కూర్చుండిపోయింది. తప్పు తనదని, ఆ రోజే అతని మాట వినవలసిందని ఉర్దూలో మెల్లగా అన్నది. తరవాత కాగితం మోకాలి మీద పెట్టుకుని, అతను చెప్పినదంతా అలాగే రాసింది.

రత్నకుమార్ ఎక్కడో దూరపు సైటులో ఉన్నాడు. దయమ్మ డ్యూటీలోంచే, నర్సు బట్టలతోనే టాక్సీలో వచ్చింది. ముందు కుక్క దగ్గరికి పోలేదు. పోశన్నను కుళాయి దగ్గరికి తీసుకుపోయి, గాయాన్ని సబ్బుతో కడుగుతూ నీళ్ళ కింద చాలాసేపు పట్టి ఉంచింది. ఆ పని ఆమె చేతులకు అలవాటు.

"రెండేళ్ళు ఒక్కసారి పళ్ళు చూపించలేదన్నయ్యా. వాడికి ఏమొచ్చింది?"

కుళాయి ధార కింద ఎర్రటి దారం సన్నబడుతూ, తెగుతూ, మళ్ళీ కలుస్తూ పోతోంది. పోశన్న చెబుదామనుకోలేదు. మాటలు వాటంతట అవే వచ్చాయి.

"నేను వచ్చిన మొదటి ఏడు, గదిల పదిమందిమి ఉంటుంటిమి. నేను మాట్లాడకపోతుంటి. పోశన్న మంచోడు అంటుండిరి. నాకేమో ఊపిరి ఆడకపోతుండె చెల్లె. ఆర్నెల్లు గట్లనే నిలబడ్డ. ఒకనాడు పొద్దుగాల తానాల కాడ, తిరుమల్ అని మా దిక్కు మనిషే, నా బకెట్ పక్కకు జరిపిండు. జరిపిండు, గంతే. ఆ బకెట్‌తోనే కొట్టిన. రెండు పండ్లు ఊడినయ్. పోశన్నకు పిచ్చి లేసింది అన్నరు అందరు. కొట్టిన్నాడు అందరు చూసిన్రు. అంతకుముందటి ఆర్నెల్లు ఎవ్వలు చూడలే."

దయమ్మ కుళాయి కట్టేసింది. తెల్లగుడ్డతో చేయి అద్దుతూ, ఆ తిరుమల్ ఇప్పుడెక్కడున్నాడని అడిగింది.

"నా పక్క మంచమే. ఇద్దరం ఒక్క గిన్నెల వండుకుంటం."

ఆమె వెళ్ళి యోనా మూలకు కొంచెం దూరంలో నేల మీద కూర్చుంది. ఎప్పుడూ చేసేటట్టు దాన్ని దగ్గరికి లాక్కోలేదు. కాసేపటికి అది తనే వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టింది. తరవాత ఆమె పోశన్నను క్లినిక్‌కు తీసుకుపోయి సూది మందులు వేయించింది.

రత్నకుమార్ వచ్చేసరికి పొద్దు వాలింది. సైటు బూట్లతో గేటు దగ్గరే నిలబడిపోయాడు, లోపలికి అడుగు పడలేదు. పోశన్న కట్టు కట్టిన చేత్తోనే గేటు తీశాడు.

"పోశన్నగారూ," అన్నాడు రత్నకుమార్. "ఆ రోజు నోరు జారానండి. మనసులో పెట్టుకోకండి."

"కొడుకు లెక్క సాదుకుంటున్నరు సార్. ఎవ్వలైన గట్లనే అంటరు" అన్నాడు పోశన్న. అని, ఇద్దరినీ, బిల్కిస్‌నూ విల్లా వెనక్కి తీసుకుపోయాడు.

అక్కడ ఏసీ యంత్రాలకూ ప్రహరీకీ మధ్య సన్నటి పెరడు ఉంది. పాత బోనులు, విరిగిన కుర్చీలు, ఎండిపోయిన కుండీలు పడేసే చోటు అది. తాను మంద వద్దన్నాడు గాని తోడు వద్దనలేదని పోశన్న చెప్పాడు. మొదటి రోజు మంచులో యోనా వెళ్ళి బేగంకు రెండు గజాల దూరంలో పడుకున్న సంగతి అప్పుడు అతను ఒక్కడే చూశాడు. పక్కన ఎవరో ఉండాలి, మీద పడకూడదు. ఒంటరిగా వదిలితే ఊళ, మందలో వేస్తే గోడ. ఈ రెండిటి మధ్య దానికో చోటు కావాలి. బేగం కూడా ముసలిదైపోయింది, పడుచు కుక్కల దూకుడుకు అదీ విసుగుతోంది. రెండిటినీ ఇక్కడ ఉంచి చూద్దాం అన్నాడు.

బిల్కిస్ ఆ చెత్తనంతా చూసి నిట్టూర్చి, సరే కానిద్దామన్నట్టు యల్లా అన్నది. మరునాడు శుక్రవారం. రత్నకుమార్ సెలవు రోజు నిద్ర మానుకుని వచ్చి, పోశన్నతో కలిసి కుర్చీలు మోశాడు. పైన ఎండకు పచ్చ గుడ్డ కట్టారు. పోశన్న భుజం సహకరించకపోతే నిచ్చెన ఎక్కింది రత్నకుమారే. నరసాపురంలో చేపల వలలు ఆరేసే తీరు అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ గుడ్డను అలాగే, గాలి పట్టకుండా వదులుగా కట్టాడు.

వెనక పెరట్లో మొదటి అయిదు రోజులూ యోనా నిలబడే ఉంది, కానీ గోడకు ఆనుకోలేదు. ఆరో రోజు కూర్చుంది. పచ్చ గుడ్డ కింద వెలుతురు చెరువు అడుగు వెలుతురులా ఉండేది. ఏసీ యంత్రాలు రోజంతా ఒకే శ్రుతిలో గొణిగేవి. పోశన్న తన టిఫిన్ డబ్బా అక్కడే విప్పేవాడు. బేగం ఒక మూల, యోనా ఒక మూల, తానొక మూల. ఎవరూ ఎవరినీ పిలిచేవారు కారు. ఒక్కోసారి అతను అన్నం మధ్యలో చేయి ఆపేసి అలా చూస్తూ ఉండిపోయేవాడు. ఇంత నిశ్శబ్దం ఖతర్ వచ్చాక అతను ఎరగడు.

ఫిబ్రవరి మొదట్లో ఒక మధ్యాహ్నం యోనా పక్కకు ఒరిగి, నాలుగు కాళ్ళూ చాచి, పొట్ట కనబడేలా నిద్రపోయింది. నిద్రలో దాని కాళ్ళు పరుగెత్తాయి. పోశన్న పోయి బిల్కిస్‌ను పిలుచుకొచ్చాడు. ఇద్దరూ వంటింటి కిటికీలోంచి తొంగిచూశారు.

అల్ హిలాల్ ఫ్లాటులో ఊళలు ఆగిపోయాయి. ఇంటి యజమాని మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఒకరోజు బిల్కిస్ పోశన్నను కూర్చోబెట్టి, కాగితంలో కొత్త గడి ఒకటి వేయాలని, అందులో ఏమని రాయాలని అడిగింది. అతను చాలాసేపు ఆలోచించి, దీనికి ఎంత దూరం కావాలె అని రాయమన్నాడు. ఆ తరవాత వచ్చిన ప్రతి కుక్కకూ ఆ గడి నింపారు. కొన్నిటికి దూరమే అక్కర్లేదు, అవి ముంగిట్లో కుప్పగా పడి పొర్లేవి. కొన్నిటికి నాలుగు అడుగులు. చెవుడు వచ్చిన ఒక ముసలి కుక్కకు ఎనిమిది. వేసవి వచ్చేసరికి వెనక పెరట్లో అయిదు కుక్కలయ్యాయి. ఎండలు ముదిరాక వాటికి లోపల ఒక గది కేటాయించారు.

ఆగస్టులో కంపెనీలో మాటలు మొదలయ్యాయి. కప్పు మొదలయ్యే లోపల సైటు పనులు ముగుస్తాయి, కాంట్రాక్టు అయిపోయినవాళ్ళను ఇళ్ళకు పంపేస్తారు అని. తిరుమల్ పేరు మొదటి జాబితాలోనే వచ్చింది. పోయే రోజు అతను తమ వంట గిన్నెను మెరిసేలా తోమి పోశన్న మంచం మీద పెట్టాడు. బస్సు దాకా పోశన్న అతని పెట్టె మోశాడు. కొట్టిన సంగతి తొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు, ఆ రోజూ ఎత్తుకోలేదు. తిరుమల్ బస్సెక్కి, కిటికీలోంచి కట్టుడు పళ్ళతో నవ్వి చేయి ఊపాడు.

పోశన్న పేరు రాకముందే బిల్కిస్ కాగితాలు కదిపి అతన్ని తన వీసా మీదికి మార్చుకుంది. విల్లా మిద్దె మీద ఒక గది ఇచ్చింది. ఒక మంచం, ఒక కిటికీ, లోపలి నుంచి పడే గడియ. తొమ్మిదేళ్ళుగా అతను కోరుకున్నది అదే. తీరా వచ్చాక అందులో నిద్ర పట్టలేదు. పక్కన గురక లేదు, పై మంచం కిర్రుమనదు, ఎవరో పొద్దున్నే నాలుగింటికి బకెట్ నింపుకునే చప్పుడు లేదు. వారం రోజులు ఎర్రటి కళ్ళతో పనిచేశాడు. బిల్కిస్ అడిగితే, ఏం లేదు మేడం, ఇల్లు పెద్దగయింది అన్నాడు. పది అడుగుల గది అది.

సెప్టెంబరులో రత్నకుమార్, దయమ్మ పదిహేను రోజులు సెలవు పెట్టి నరసాపురం వెళ్ళారు. కప్పు అయ్యేదాకా మళ్ళీ సెలవు దొరకదు. ఇద్దరూ ఒక్కసారిగా కదలడం యోనా వచ్చాక ఇదే మొదలు. దాన్ని పోశన్న దగ్గర వదులుతూ దయమ్మ పెరుగు డబ్బా, పాత చీర ముక్క ఒకటి ఇచ్చింది. రత్నకుమార్ మెట్లు సగం దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి, కుక్క తల మీద చేయి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని పోయాడు.

మొదటి శుక్రవారం డేకేరుకు సెలవు. మధ్యాహ్నం బయట ఎండ తెల్లగా మండుతోంది. గదిలో ఏసీ చల్లగా వీస్తోంది. పోశన్న కూర వండి, తిని, పెరుగన్నం కలిపి యోనాకు పెట్టి, మంచం మీద వాలాడు. యోనా గదంతా కలయదిరిగి, కిటికీ కింద ఒకసారి, తలుపు దగ్గర ఒకసారి ఆగి, చివరికి చీర ముక్కను నోట కరుచుకుని మంచం కిందికి దూరింది. అది పడుకుంటూ విడిచిన నిట్టూర్పు పరుపులోంచి అతని వీపుకు తెలిసింది. కాసేపటికి సన్నగా గురక మొదలైంది. పోశన్న ఆ గురక లెక్కపెడదామనుకున్నాడు. మూడో నాలుగో లెక్కపెట్టినట్టు గుర్తు.

లేచేసరికి గోడ మీద ఎండ నారింజరంగులో ఉంది. ఫోన్లో గంగామణి వీడియో పిలుపులు నాలుగు. అతను ముఖం కడుక్కోకుండానే తిరిగి చేశాడు.

"ఏం జేస్తున్నవ్? ఎత్తవైతివి" అన్నది ఆమె.

"పండుకున్న."

"పట్టపగలా? పానం బాగలేదా?"

"మంచిగనే ఉన్న. నిద్ర పట్టింది" అన్నాడు పోశన్న.

గంగామణి కాసేపు అతని ముఖం పరీక్షగా చూసి, తృప్తిపడి, చేను సంగతి ఎత్తుకుంది. పసుపు చేనులో అంతరపంటగా వేసిన మక్కజొన్న కోసేశారట, కంకులు బాగా కట్టాయట, ఒక్క మూల మాత్రం అడవిపందులు తొక్కాయట. మంచం కింద యోనా తోక నేలను రెండుసార్లు తట్టి ఊరుకుంది. అతను దిండుకు ఆనుకుని, ఫోను ఛాతీ మీద పెట్టుకుని, ఆమె చెప్పేదంతా వింటూ పడుకున్నాడు.